తిన్నడి కథ మనకు తెలుసు, ధూర్జటి తిన్నడు తెలియదు

తిరుపతి, చిత్తూరు వైపు పుట్టినవాళ్లకు శ్రీకాళహస్తి కథ ఎవరూ కూర్చోబెట్టి చెప్పనక్కర్లేదు. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడూ శివుణ్ణి కొలిచి ముక్తి పొందాయి. తిన్నడనే చెంచు తన కళ్లు పెకలించి స్వామికిచ్చి కన్నప్ప అయ్యాడు. గుడికి పోయినప్పుడు పెద్దవాళ్లు చెబుతారు, కన్నప్ప కొండ ఎక్కేటప్పుడు మళ్లీ చెబుతారు, సినిమా ఇంకోసారి చెబుతుంది. ఇదే కథను శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమనే నాలుగాశ్వాసాల ప్రబంధంగా రాసిన ధూర్జటిని చదవడానికి ఇంతకన్నా అనుకూలం ఏముంటుందని అనిపిస్తుంది. నన్నడిగితే ఇదే పెద్ద అడ్డంకి. కథ ముందే తెలుసు కాబట్టి పుస్తకంలో ఆ కథనే వెతుక్కుంటాం. దొరకగానే పుస్తకం మూసేస్తాం. స్థలపురాణం గుర్తు చేసుకుని కావ్యం చదివేశామనుకుంటాం.

తెలుగు ఎం.ఏ. నోట్సుల్లో పాత్ర చిత్రణ కింద ఏముంటుందో చూడండి. తిన్నడు అమాయకుడు, మూఢభక్తుడు, త్యాగశీలి. శివుడి పద్యాన్నే తప్పుపట్టిన నత్కీరుడు పండితుడు, అహంకారి, చివరకు పశ్చాత్తప్తుడు. తిన్నడి కథలోని గుడి అర్చకుడు ఆచారపరుడు. ఆ కింద కావ్య సందేశం: చదువుకన్నా భక్తి గొప్పది. ఇందులో ఒక్క మాట రాయడానికైనా ధూర్జటి పద్యం ఒక్కటి చదవాల్సిన పని లేదు. గుడి బయట అమ్మే చిన్న పుస్తకం చాలు. ఆ విశేషణాలన్నీ కథ ముగింపు నుంచి వెనక్కి నడిచి వచ్చినవి. కళ్లిచ్చాడు కాబట్టి త్యాగశీలి, శాపం తగిలింది కాబట్టి అహంకారి. ముగింపు తెలిసినవాడు పాత్రకు వేసిన ముద్ర అది. పాత్ర మాత్రం ఆ ముగింపు తెలియకుండా ఒక్కో పద్యం నడుస్తుంది. దానితో పాటు మనమూ నడిస్తేనే అది ఎవరో తెలుస్తుంది.

నడవాలంటే ముందు పద్యం చేతికి రావాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు తాత్పర్యం ముందు చదివి పద్యాన్ని తర్వాత చూడటం. తాత్పర్యం రాసినాయన కథ చెబుతాడు, ఎవరు ఏ గొంతుతో అన్నారో వదిలేస్తాడు. పద్యాన్ని పైకి చదవండి, రెండుసార్లు. తర్వాత విడదీయండి. తిన్నడు అడవిలో మొదటిసారి లింగాన్ని చూసి మాట్లాడే పద్యం తీసుకుందాం.

ఓ సామీ! యిటువంటి కొండదరిలో నొంటిం బులుల్ సింగముల్
గాసిం బెట్టెడి కుట్ర నట్టడవిలో...

ఛందస్సు శార్దూలవిక్రీడితం. పాదానికి 19 అక్షరాలు, పదమూడో అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కలవాల్సిన చోటు. మొదటి అక్షరం ‘ఓ’. పదమూడో అక్షరం వేళ్ల మీద లెక్కపెడితే ‘నొం’ వస్తుంది. ‘ఓ’కు ‘నొ’ యతి ఎలా కుదిరింది? అక్కడ ఉన్నది ‘ఒంటిన్’ కాబట్టి. ముందు మాట చివరి నకారం వచ్చి అతుక్కుంది. అంటే సంధి ఎక్కడ విడదీయాలో యతే చూపిస్తుంది. ‘బులుల్’ అంటే పులులే. ‘ఒంటిన్’ చివరి ద్రుతం, అంటే ఆ నకారం వల్ల పకారం బకారమైంది. ఇదే పద్యంలో ముందుకు పోతే ‘నీ వాకొన్నచోఁ గూడు నీళ్ళే సుట్టంబులు’ అని వస్తుంది. ఇక్కడ ‘గూడు’ను పక్షిగూడు అనుకుంటే పద్యం మొత్తం తప్పిపోతుంది. అది కూడు, అన్నం. ‘సుట్టంబులు’ చుట్టాలు. ఇంత చిన్న వ్యాకరణం వదిలేసి ఊహతో లాగితే పాత్ర మన ఊహలో పాత్రే అవుతుంది, ధూర్జటిది కాదు. తెలియని మాటకు శబ్దరత్నాకరమో, సూర్యరాయాంధ్ర నిఘంటువో తీయడం బద్ధకించకూడదు. తెలిసిందనుకున్న మాటకు ఇంకా ముఖ్యం.

విడదీశాక ఏం దొరికింది? కొండ పక్కన, ఒంటరిగా, పులులూ సింహాలూ బాధపెట్టే నట్టడవిలో ఎందుకున్నావు సామీ, నీకు ఆకలైతే కూడూ నీళ్లూ ఏ చుట్టాలు తెచ్చిపెడతారు అని అడుగుతున్నాడు. ‘ఒంటిన్’ అన్న మాట సరిగ్గా యతి దగ్గర, గొంతు ఒత్తి పలికేచోట ఉంది. దేవుణ్ణి చూసిన మొదటి క్షణంలో తిన్నడికి కనిపించింది మహిమ కాదు, ఒంటరితనం. దండం పెట్టి వరమడగలేదు. చుట్టాలెవరని అడిగాడు. మన పల్లెల్లో కొత్త మనిషి ఊరి బయట కూర్చుని కనబడితే అడిగే ప్రశ్నే ఇది.

ఇంకో సంగతి గమనించాలి. చెంచు పిల్లవాడి ఇంటిమాటలను ధూర్జటి ఆటవెలదిలోనో తేటగీతిలోనో సర్దేయలేదు. రాజుల సేవను నిందించేటప్పుడు తన శ్రీకాళహస్తీశ్వర శతకంలో ఏ శార్దూలం వాడాడో, వేదశాస్త్రాల గురించి ఏ శార్దూలంలో ప్రశ్నలేశాడో, అదే శార్దూలాన్ని తిన్నడికీ ఇచ్చాడు. మాట మటుకు చెంచుది, నడక పెద్ద పద్యానిది. తిన్నణ్ణి ‘అమాయకుడు’ అని పక్కన పెట్టేవాళ్లు ఈ ఒక్క ఎంపికకు సమాధానం చెప్పాలి.

తర్వాత తిన్నడు లింగాన్ని తన ఊరు ఉడుమూరికి రమ్మంటాడు. అక్కడ ఏ లోటూ ఉండదని ఆశపెడతాడు. స్వామి కదలడు. అప్పుడు తిన్నడు తానే ఆగిపోతాడు. తోటివాళ్లు ఇంటికి రమ్మన్నా పోడు. ఈ వరుస చూడండి. నీకు చుట్టాలెవరని అడిగినవాడు, తన చుట్టాలను వదులుకుని ఆ చుట్టం తానే అయ్యాడు. కళ్లివ్వడం చాలా తర్వాతి మాట. త్యాగం అనదగ్గది ఏదైనా ఉంటే అది ఇక్కడే మొదలైంది. స్థలపురాణంలో ఇది ఒక వాక్యం కూడా కాదు. ధూర్జటి ఇక్కడ తీరిగ్గా నిలబడ్డాడు.

కవి ఎక్కడ నిలబడ్డాడో చూడమనే నేను అందరికీ చెప్పేది. కథకు అవసరం లేని చోట కవి పద్యాలు ఖర్చుపెడుతున్నాడంటే అతనికి అక్కడ ఏదో పని ఉంది. తిన్నడి చిన్నతనంలో పిల్లల ఆటలన్నీ పేరుపేరునా వస్తాయి, చిట్లపొట్లకాయ, గుడుగుడుగుంచాలు మొదలుకుని. వర్ణనలే అని వాటిని దాటేస్తారు. అవి దాటేస్తే తిన్నడు గాల్లోంచి ఊడిపడ్డ భక్తుడవుతాడు. చదివితే, ఆటలూ తోటిపిల్లలూ ఊరూ నిండుగా ఉన్నవాడు ఒంటరిగా ఉన్నవాణ్ణి చూసి ఎందుకంత కలతపడ్డాడో అర్థమవుతుంది. సినిమాల్లో తిన్నణ్ణి మొదట నాస్తికుణ్ణి చేసి తర్వాత మారుస్తారు. ధూర్జటికి ఆ మలుపు అవసరమే రాలేదు. అతని తిన్నడు మారడు. ఊళ్లో ఎలా ఉన్నాడో లింగం ముందూ అలాగే ఉన్నాడు.

కళ్లిచ్చే ఘట్టం కూడా ఇదే చూపుతుంది. స్వామి కంట నెత్తురు కారగానే తిన్నడు వెంటనే కన్ను పెకలించుకోడు. ముందు తనకు తెలిసిన వైద్యం చేస్తాడు. అది పనిచేయక కంటికి కన్ను పెడతాడు. రెండో కన్ను కారినప్పుడు, తన రెండోది కూడా తీస్తే ఎక్కడ పెట్టాలో కనబడదని ముందే లెక్కేసి, చెప్పుకాలు ఆ చోట ఆనించి గుర్తు పెట్టుకుంటాడు. ఇది ఆవేశంలో ఉన్నవాడు చేసే పనా? కూడూ నీళ్లూ ఎవరు తెస్తారని మొదటి పద్యంలో అడిగిన మనిషే ఇక్కడా ఉన్నాడు. పని ఎలా జరగాలో చూసుకునేవాడు. మూఢభక్తి అన్న మాట ఇతనికి అతకదు.

శంకరుల పేర ఉన్న శివానందలహరిలోనూ ఈ వనచరుడు వస్తాడు, ఒకే శ్లోకంలో: దారి నడిచిన చెప్పు, పుక్కిట నీళ్లు, కొరికి చూసిన మాంసం, భక్తి ఏదైనా చేయగలదన్న ఆశ్చర్యం. గొప్ప శ్లోకం. కానీ అక్కడ తిన్నడు దూరం నుంచి చూపిన ఉదాహరణ. నోరు విప్పడు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలోనూ ఉడుమూరి కన్నప్ప ఉన్నాడు, ద్విపదలో. ఒకే మనిషి మూడుచోట్ల ఉన్నప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఎవరు అతన్ని మాట్లాడనిచ్చారు, ఎంతసేపు అన్నది చూస్తే ఒక్కో రచన ఉద్దేశం దానంతటదే బయటపడుతుంది. విడిగా ‘సందేశం’ వెతకనక్కర్లేదు.

ఇక కావ్యవస్తువు సంగతి. నోటుపుస్తకంలో ఒక్కో పాత్రకు ఒక్కో పేజీ పెట్టి, నిలువుగా మూడు భాగాలు చేయండి: ఏమన్నాడు, ఏం చేశాడు, ఎదుటివాళ్లు అతని గురించి ఏమన్నారు. ప్రతిదానికీ పద్యం సంఖ్య వేయండి, ఏ ముద్రణలోదో రాసుకోండి; ముద్రణ మారితే సంఖ్యలు మారవచ్చు. ఒక్కో కూర్చోవడంలో పదిహేను ఇరవై పద్యాలు చాలు. అంతకుమించితే కళ్లు కథ వెంట పరుగెత్తుతాయి. మూడు భాగాల్లో ఏది ఖాళీగా ఉందో చూడటం కూడా చదవడంలో భాగమే. పాము, ఏనుగుల పేజీలు ఇలా నింపితే విచిత్రమైన సంగతి ఒకటి కనిపిస్తుంది.

పాము మణులు తెచ్చి లింగానికి పెడుతుంది. ఏనుగు మొగలేటి (స్వర్ణముఖి) నీళ్లతో అభిషేకం చేసి, మణులు తోసేసి, మారేడాకులు పెడుతుంది. పాము వచ్చి ఆకులు తీసేసి మళ్లీ మణులు పెడుతుంది. ఒకరి పూజ ఇంకొకరికి చెత్త. చివరికి పాము ఆకుల్లో దాగి ఏనుగు తొండంలో దూరుతుంది. ఏనుగు తల కొండరాతికి కొట్టుకుంటుంది. రెండూ చస్తాయి, రెండింటికీ ముక్తి వస్తుంది. ఇంతా జరిగేదాకా ఒకటి పూజ చేయడం ఇంకొకటి చూడలేదు. పూజ తర్వాత మిగిలినది మాత్రమే చూశాయి. ద్వేషమంతా ఆ మిగిలినదాని మీద కట్టుకున్నదే.

ఇప్పుడు తిన్నడూ అర్చకుడూ ఉన్న పేజీలు పక్కన పెట్టండి. ఎముకలూ మాంసపు ముక్కలూ చూసి అర్చకుడు కుమిలిపోతాడు, తుడుస్తాడు, శుద్ధి చేస్తాడు. తిన్నడు మళ్లీ మాంసం తెస్తాడు. అదే పాము ఏనుగుల కథ, మనుషులతో మళ్లీ మొదలైంది. ఈసారి చావు దాకా పోలేదు. ఎందుకంటే స్వామి అర్చకుణ్ణి దాక్కుని చూడమన్నాడు. మిగిలినది చూసి మనిషిని ఊహించుకున్నవాడికి, మనిషి పూజ చేస్తుండగా చూసే అవకాశం వచ్చింది. అర్చకుణ్ణి కర్మకాండకు ప్రతినిధి అని కొట్టేసేవాళ్లు ఒకటి మర్చిపోతున్నారు: స్వామి అతన్ని తోసిపుచ్చలేదు, పిలిచి చూపించాడు. అతని పూజ కూడా స్వామికి కావాలి. భక్తి గొప్పదా ఆచారం గొప్పదా అన్న పోటీగా చదివితే ఈ రెండు కథల మధ్య ఉన్న పోలికే కనబడదు. నా దృష్టిలో ఈ కావ్యానికి వెన్నెముక చదువుకూ భక్తికీ పోటీ కాదు. ఎదుటివాడి పూజను చూడగలగడం, చూడలేకపోవడం.

ఇక్కడ నాకు ఎదురు చెప్పేవాళ్లు శతకంలోంచి పద్యం తీస్తారు. ‘ఏ వేదంబు పఠించె లూత? భుజగం బే శాస్త్రముల్ సూచె?’ అన్నది. లూత సాలెపురుగు, భుజగం పాము. తర్వాత ఏనుగు ఏ విద్య నేర్చింది, చెంచు ఏ మంత్రం ఊహించాడు అని అడిగి, జ్ఞానానికి మూలం చదువులా, కావు, నీ పాదసేవాసక్తే అంటాడు. ధూర్జటే తన కావ్యవస్తువు చెప్పాడు కదా, ఇంకేం కావాలి అంటారు. మంచి వాదనే. కానీ మూడు సంగతులున్నాయి. శతకం వేరే రచన, అందులో మాట్లాడేది స్వామి ముందు నిలబడిన భక్తుడి గొంతు. ప్రబంధంలో కథకుడి పని వేరు. రెండోది, ఆ పద్యం చదువు కారణం కాదంటుంది, చదువు లేకపోవడం గొప్ప అనదు. తిన్నడికి మంత్రం రాకపోవడం అతని గుణం కాదు. ఆకలి చూసి కూడు తేవడం అతని గుణం. మూడోది, ‘జంతుతతి’ అని పద్యం చివర వచ్చేదాన్ని ఇవాళ్టి అర్థంలో పశువులనుకుని చెంచును వాటిలో కలిపేవాళ్లున్నారు. అక్కడ జంతువంటే పుట్టిన ప్రాణి, మనమందరమూ అందులో ఉన్నాం.

శతకాన్ని కవి జీవితచరిత్రగా చదవడంలోనూ ఇదే చిక్కు. ‘రాజుల్ మత్తులు, వారి సేవ నరకప్రాయంబు’ అన్నాడు కాబట్టి కృష్ణదేవరాయల మీద విరక్తి చెంది అన్నాడని కథలల్లుతారు. ధూర్జటి రాయల కొలువులో ఉన్నాడన్నది సంప్రదాయంగా వస్తున్న మాట. రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా. శ్రీకాళహస్తిలో రాయలు పెద్ద గోపురం కట్టించింది 1516లో. ధూర్జటి కొలిచిన స్వామికి గోపురమెత్తించిన రాజునే ఆ పద్యం తిడుతోందని ఏ ఆధారంతో అంటాం? ఆ గోపురం 2010 మే 26న కూలిపోయింది, మళ్లీ కట్టారు. కవి మీద ఉన్న చాటుకథలు అంతకన్నా గట్టిగా నిలబడి ఉన్నాయి. ఆయన మీద ప్రచారంలో ఉన్న వేశ్యాలోలత్వం కథ మాహాత్మ్యంలోని ఇద్దరు వేశ్యాకన్యల మీద పడి, వాళ్లను వాళ్లుగా చదవనీయకుండా చేస్తోంది. కులవృత్తి వద్దని శ్రీకాళహస్తి స్వామిని నమ్ముకున్న ఆ అమ్మాయిలకు కూడా ఒక్కో పేజీ కేటాయించి చూడండి. కవి పశ్చాత్తాపానికి గుర్తులుగా కాక, నిర్ణయం తీసుకున్న మనుషులుగా కనిపిస్తారు.

నా వాదనకు అన్నిటికన్నా కష్టమైన పాత్ర నత్కీరుడు. కరువులో ఊరు విడిచిపోదామనుకున్న పేద అర్చకుడికి శివుడు ఒక పద్యం రాసిచ్చి పాండ్యరాజు సభకు పంపుతాడు. స్త్రీల కొప్పుకు సహజంగానే సువాసన ఉంటుందని అందులో భావం. అక్కడి కవిపండితుల సంఘంలో పెద్ద అయిన నత్కీరుడు అది తప్పంటాడు. అర్చకుడు అవమానంతో తిరిగొస్తే శివుడే సభకు వస్తాడు, చివరికి నుదుటి కన్ను చూపిస్తాడు. తల చుట్టూ కళ్లున్నా పద్యం తప్పు కాకుండా పోదంటాడు నత్కీరుడు. కుష్ఠురోగం శాపంగా వస్తుంది.

‘అహంకారి’ అని రాసేస్తే పని అయిపోతుంది. కానీ నత్కీరుడి పేజీలో మొదటి భాగం చూడండి, అతనన్న ఆ మాట. ధూర్జటి ఆ మాటను మెత్తబెట్టలేదు. కవులకు, విమర్శకులకు నాలుగు వందల ఏళ్లకు పైగా నోట నిలిచిపోయే బలంతో రాశాడు. తప్పని చూపదలచుకుంటే ఇంత బలమైన మాట అతనికి ఎందుకివ్వాలి? మరో కవిగా ధూర్జటి ఆ మాటను గౌరవించాడనే నేను అనుకుంటాను. అయితే అతని పేజీలో ‘ఏం చేశాడు’ అన్న భాగంలో పెద్ద ఖాళీ ఉంది. పద్యం పట్టుకొచ్చిన మనిషి ఎవరు, ఎందుకొచ్చాడు, ఏ ఆకలితో వచ్చాడు అని నత్కీరుడు ఒక్కసారి కూడా అడగలేదు. పద్యం మాత్రం చూశాడు. కొండదరిలో రాతిని చూసి ఆకలైతే ఏం చేస్తావని అడిగిన తిన్నణ్ణి పక్కన నిలబెడితే తేడా తెలుస్తుంది. పద్యం విషయంలో నత్కీరుడు సరే. అతనికి కనబడనిది పద్యం వెనకున్న మనిషి. పాము, ఏనుగు, మొదట్లో తిన్నడి కథలోని అర్చకుడు కూడా అంతే, మిగిలినదాన్నే చూశారు. శివుడు కూడా ఇక్కడ కన్ను చూపింది నేర్పడానికి కాదు, భయపెట్టడానికి. అందుకే అది పనిచేయలేదు. అదే శివుడు తిన్నడికి కారుతున్న కన్ను చూపించాడు. ఆ శాపం న్యాయమా అని తరగతిలో వాదన పెడితే ఒక గంట చాలదు, పెట్టాలి కూడా.

పరీక్షకు రాసేవాళ్లకు కూడా ఈ పద్ధతి నష్టం చేయదు. పది మార్కుల జవాబులో మొదటి రెండు వాక్యాల్లో పాత్ర చేసిన ఒక పని, అన్న ఒక మాట పెట్టండి, పద్యపాదంతో సహా. తర్వాత ఆ పనిని కావ్యంలో ఇంకెవరు వేరేగా చూశారో రాయండి. ఆపైన ఇంకో కథలో దానికి పోలిక ఉంటే అది. విశేషణాలకు చోటు మిగిలితే చివర్లో ఒకటి, మిగలకపోతే అక్కర్లేదు. పద్యం పూర్తిగా రాకపోతే వచ్చినంతే రాసి మిగిలింది సొంత మాటల్లో చెప్పండి. సగం గుర్తున్నదాన్ని కల్పించి పూరిస్తే గణం తప్పి దొరికిపోతుంది. శార్దూలమైతే 19 అక్షరాలు లెక్క చూసుకోవడానికి అర నిమిషం పట్టదు.